బియ్యం వాపస్ పంపే అధికారం

హసన్‌పర్తిలోని రాజమౌళి వంటశాలలో పదకొండేళ్లుగా ఒకే ఒక్క చట్టం అమల్లో ఉండేది. ఉప్పు యమున చేతి నుంచే పడాలి. అక్కడి నుంచి రోజూ ఒక ప్రైవేటు కాలేజీ హాస్టళ్లు రెండింటికి, నాలుగు వందల ఇరవై మందికి భోజనం పోతుంది. కూరగాయలు ఎవరైనా తరగవచ్చు, గరిటె ఎవరైనా తిప్పవచ్చు. ఉప్పు డబ్బా మూత మాత్రం యమున తప్ప ఇంకెవరూ ముట్టరాదు. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి దవాఖానలో పడుకుంటే, ఆటో నడిపే మహిపాల్ పప్పు గిన్నె పట్టుకొని మంచం దగ్గరికే వచ్చాడు, రుచి చూసి ఇంకెంత వేయాలో చెప్పమని. నర్సు ఇద్దరినీ తిట్టింది గానీ, పప్పు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఈ గౌరవం యమున జీతంలో ఎక్కడా కనిపించేది కాదు. అయినా నలభై ఆరేళ్ల వయసులో, ఆరు గంటలు పొయ్యి ముందు నిలబడ్డాక కూడా, తన వెన్నులో ఒక పూస దాని వల్లే నిటారుగా ఉందని ఆమె నమ్మకం.

ఆ పూసను కదిలించింది సౌమ్య. రాజమౌళి కూతురు. ఎంబీఏ అయిపోయింది, ఉద్యోగం ఇంకా దొరకలేదు, అది దొరికేలోగా తండ్రి వ్యాపారాన్ని బాగు చేద్దామని నడుం కట్టింది. చదువుకున్న పిల్ల ఇంట్లో ఖాళీగా ఉంటే అల్మారాలు సర్దుతుంది. వంటశాలలో ఖాళీగా ఉంటే మనుషులను సర్దుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, గోడకు కొట్టిన కొత్త తెల్లబోర్డు ముందు నిలబడి సౌమ్య అరగంట మాట్లాడింది. ఇప్పటిదాకా ఇక్కడ ఏం చేయాలన్నా నాన్ననో యమునక్కనో అడగాల్సి వచ్చేదట. మనిషికి చేతులతో పాటు బుర్ర కూడా ఉంటుందట. ఇవాళ్టి నుంచి ఎవరి పనికి వాళ్లే యజమానులు, ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. దీన్ని ఎంపవర్‌మెంట్ అంటారట.

తరువాత బోర్డు మీద పేర్లు రాసింది. తొమ్మిదేళ్లుగా కూరగాయలు తరిగి, అన్నం వండుతున్న బక్కమ్మకు, ఏ రోజు ఏ కూర అన్నది నిర్ణయించే హక్కు. మహిపాల్‌కు, ఎన్ని గంటలకు బయలుదేరాలో, ఏ హాస్టల్‌కు ముందు పోవాలో చెప్పే హక్కు. రోజుకు తొమ్మిది వందల చపాతీలు ఒత్తే అఫ్సానాకు, వచ్చిన సరుకు విప్పి చూసి, బాగా లేకపోతే అక్కడికక్కడే వాపస్ పంపే అధికారం. అఫ్సానాకు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్త డోర్నకల్‌లో రైల్వే కాంట్రాక్టు పనిలో ఉండి ఆదివారాలు మాత్రం వస్తాడు. తన పేరు బోర్డు మీద ఎక్కగానే ఆమె చున్నీ సర్దుకొని, ఫొటో దిగుతున్నట్టు కూర్చుంది.

ఉప్పు ఎదురుగా సౌమ్య ఇలా రాసింది: రుచి చూసిన వాళ్లు ఎవరైనా.

చివరికి యమున పేరు రాసి, పక్కన కోఆర్డినేటర్ అని రాసింది. అంటే ఏం చేయాలని యమున అడిగితే, అందరినీ కలుపుకొని పోవాలని చెప్పింది. పులుసు కలిపినంత సులువు కాదని యమునకు అప్పుడే తెలుసు.

బక్కమ్మ మాత్రం ఒక సందేహం తీర్చుకుంది. "పని ఎక్కువ రాసినవు గద బిడ్డా, జీతమేమన్న ఎక్కువిస్తరా?"

"ఇది పైసల గురించి కాదు పెద్దమ్మా. గౌరవం గురించి."

"గౌరవం మంచిదే. రెండూ ఇస్తే ఇంక మంచిగుంటది," అంది బక్కమ్మ, ఉల్లిగడ్డల బస్తా దగ్గరికి పోతూ.

మూడో రోజు సాంబారు. మొదట బక్కమ్మ రుచి చూసి చప్పగా ఉందని ఉప్పు వేసింది. అది కరిగేలోగా మహిపాల్ చూసి వేశాడు. చపాతీల పిండి చేత్తోనే అఫ్సానా వచ్చి వేసింది. ఆఖరుకు, అందరికీ ఆదర్శంగా ఉండాలని సౌమ్య కూడా ఒక గరిటెడు వేసింది. యమున రుచి చూడలేదు. ఆమె కోఆర్డినేషన్‌లో ఉంది. అంటే చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

విరుగుడుగా ఆలుగడ్డలు వేశారు, పప్పు ఉడికించి పోశారు, చింతపండు నీళ్లు పోశారు. సాంబారు సాంబారును కని, గుండిగ నుంచి గుండిగకు పాకి, నాలుగు వందల ఇరవై మందిది కాస్తా ఏడు వందల మందికి సరిపోయేంత అయింది. రాత్రి భోజనంలోకి, పొద్దున ఇడ్లీలోకి, మళ్లీ మధ్యాహ్నం అన్నంలోకి అదే పోయింది. హాస్టల్ పిల్లలు దానికి సిలబస్ అని పేరు పెట్టారు, ఎంత చేసినా అయిపోవడం లేదని.

సౌమ్య తప్పు తెలుసుకొని బోర్డు దిద్దింది. ఏ గుండిగ ఎవరు వండితే, ఉప్పు వాళ్లే వేయాలి. మంచి నియమమే. కానీ దాంతో పదకొండేళ్ల చట్టం అధికారికంగా రద్దయిపోయింది. అన్నం గుండిగల మీద బక్కమ్మ, చపాతీ పిండి మీద అఫ్సానా సంతకం పెట్టేశారు. యమునకు కూరలూ పప్పులూ మిగిలాయి. పోయింది మాత్రం నలుగురి ముందు నష్టపరిహారం అడగలేని ఆస్తి.

ఇంకా కష్టమేమిటంటే, మిగతావి బాగుపడటం మొదలైంది.

సోమవారం ఆనిగపుకాయ కూర బంద్ అని బక్కమ్మ ప్రకటించింది. దాన్ని పిల్లలు ఒక్క ముద్ద కూడా తినరని, తొమ్మిదేళ్లుగా మిగిలిపోయిన డ్రమ్ము తానే ఒంపుతోంది గనుక తనకు తెలుసని చెప్పింది. అదే కాయను పప్పులో వేస్తే డ్రమ్ము సగానికి తగ్గింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని యమున అడిగితే, బక్కమ్మ కత్తిపీట మీది నుంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "ఎవరన్న అడిగితే గద చెప్పేది."

మహిపాల్ ముందు ఆడపిల్లల హాస్టల్‌కు పోవడం మొదలుపెట్టాడు. వాళ్ల క్లాసులు అరగంట ముందే అయిపోతాయట. అన్నం వేడిగా అందుతోందని అక్కడి వార్డెన్ ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. అఫ్సానా పుచ్చిన వంకాయలు రెండుసార్లు తిప్పి పంపింది, మూడోసారి కూరగాయలతను మంచివే తెచ్చాడు.

యమున ఇవన్నీ చూస్తూనే ఉంది. బాగున్నాయని ఒప్పుకోవడానికే నోరు రాలేదు. ఒప్పుకుంటే, పదకొండేళ్లు తానే తోవకు అడ్డంగా నిలబడ్డానని కూడా ఒప్పుకోవాలి కదా.

అలాంటి రోజుల్లోనే నర్సంపేట మిల్లు నుంచి బియ్యం బండి వచ్చింది.

గుండిగల్లో వండేవాళ్లకు పాత బియ్యమే కావాలి. ఏడాది నిలవ ఉన్న బియ్యం కాస్త పసుపు తేలి ఉంటుంది, గోదాము వాసన వేస్తుంది, వండితే మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. కొత్త బియ్యం ధర తక్కువ, మల్లెపూవులా తెల్లగా ఉండి, గుండిగలో ముద్దయి కూర్చుంటుంది. అది యమునకు తెలుసు, రాజమౌళికి తెలుసు, మిల్లు యజమానికి తెలుసు. బోర్డు మీద మాత్రం రాయలేదు.

అఫ్సానా బస్తాలు విప్పి చూసింది. గుప్పిట్లోకి తీసుకొని వాసన చూసి ముఖం చిట్లించింది. బండిలోనే వేరే ఎవరికో పోవాల్సిన ఇంకో పది బస్తాలు ఉన్నాయి. వాటిలో ఒకటి విప్పించింది. బియ్యం తళతళలాడాయి. ఇవి వాపస్, అవి దింపండి అంది. డ్రైవరు ఒక్క మాట కూడా వాదించకుండా, పైగా తానే ఒక చేయి వేసి, బస్తాలు మార్చాడు. వాదించని డ్రైవరును యమున ఈ వృత్తిలో అంతకు ముందు చూడలేదు.

పొయ్యి దగ్గరి నుంచి ఆమె అంతా చూసింది. ఆ బియ్యం కొత్తవని అంత దూరానికే ముక్కు చెప్పింది. అఫ్సానా కూడా ఒకసారి ఆమె వైపు చూసింది, కనుబొమలెత్తి, సరేనా అన్నట్టు.

యమున తల తిప్పుకొని పోపులో ఆవాలు వేసింది. బియ్యం ఎదురుగా తన పేరు లేదు. ఎవరి పనికి వాళ్లే యజమానులు. ఆవాలు చిటపటమంటుంటే ఆమెకు లోపల ఎక్కడో చక్కిలిగిలి పెట్టినట్టయింది. అయ్యేదేదో రేపు మధ్యాహ్నానికి అవుతుంది, బోర్డు సంగతి అప్పుడు తేలుతుంది.

తేలింది. మర్నాడు బక్కమ్మ ఎప్పటిలాగే పాత బియ్యం కొలతకు నీళ్లు పోసింది. వేళ దాటకూడదని మహిపాల్ ఆడపిల్లల హాస్టల్‌కు పోవాల్సిన గుండిగలను మూతలతో, ఆవిరితోనే ఆటోలోకి ఎక్కించుకున్నాడు. బయలుదేరేది ఎన్ని గంటలకో అతని చేతిలో ఉంది. వండేది బక్కమ్మ చేతిలో ఉంది. ఎక్కించే ముందు మూత తీసి చూడటం ఎవరి చేతిలో ఉందో బోర్డు చెప్పలేదు.

ఇరవై నిమిషాలకు ఆడపిల్లల హాస్టల్ నుంచి ఫోటో వచ్చింది. ఒక పిల్ల కంచాన్ని బోర్లించి పట్టుకుంది. అన్నం కింద పడలేదు. ఇంకో ఫోటోలో ఆ ముద్ద మీద స్పూనుతో కాలేజీ పేరు చెక్కి ఉంది, అక్షరాలు అందంగా కుదిరాయి. ఇంకా పొయ్యి ఎక్కని మగపిల్లల వంతు గుండిగను మాత్రం యమున దక్కించుకుంది. నీళ్లు తగ్గించి, పలుకు మీద ఉండగానే గంజి వార్చేసింది. కానీ అప్పటికే హాస్టల్ ఆఫీసు వాళ్లు రాజమౌళికి ఫోన్ చేసి, ఇలాంటి రోజు ఇంకొకటి వస్తే వేరే వాళ్లను చూసుకుంటామని చెప్పేశారు.

రాజమౌళి స్కూటర్ దిగీ దిగగానే మసిగుడ్డ అందుకొని బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. సౌమ్య ఏదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు.

"అందరూ యజమానులైతే నేనెందుకు ఇక్కడ? చాలు. ఎప్పటిలెక్కనే ఉప్పు, బియ్యం, సరుకు అన్నీ యమున చూసుకుంటది. అఫ్సానా రేపటి సంది వద్దు. చపాతీల మిషను తెస్త." గది వైపు పోతూ ఆగి, యమునతో అన్నాడు. "ఆమెకు నువ్వే చెప్పు. కోఆర్డినేటర్‌వి గద."

పోగొట్టుకున్నదంతా, ఎవరూ అడగకుండానే, తన కాళ్ల మీద తానే నడిచి వెనక్కి వచ్చింది. యమున సంతోషించింది. ఒక గుండిగ తోమినంత సేపు సంతోషించింది. రెండో గుండిగకు వచ్చేసరికి అడుగున అంటుకున్న అన్నం ఎంత గోకినా ఊడలేదు, సంతోషం మాత్రం ఊడిపోయింది.

అఫ్సానా వెనక వరండాలో చపాతీ కర్రలు కడిగి ఆరబెడుతోంది. పని అయిపోయినా పోకుండా ఉంది. యమునను చూసి, చున్నీతో చేతులు తుడుచుకుంది.

"చెప్పనీకి వచ్చిన్రా అక్కా?"

యమున పీట లాక్కొని కూర్చుంది. నిన్నటి బస్తాలు ఎందుకు వాపస్ పంపావని అడిగింది, ఆ మాట అడిగే హక్కు తనకు ఉందో లేదో తెలియకుండానే.

"పచ్చగున్నయి అక్కా. ముక్కిన వాసన గూడ కొట్టినయి. చిన్నప్పుడు మా అమ్మ గసొంటి బియ్యమే తెచ్చేది, అగ్గువ ధరకు వస్తయని. ఎంత కడిగినా వాసన పోకపోయేది. పరాయి పిల్లలకు గవి పెట్టుడెందుకు, అధికారమిచ్చిన్రు గద అని..." ఆమె కర్రలను పొడుగు వరసగా సర్దింది. "మీ దిక్కు చూసిన. మీరేమనలే. మీరేమనలేదంటే మంచిగనే ఉన్నట్టు అనుకున్న."

అందులో నింద లేదు. ఉండి ఉంటే యమునకు పని తేలికయ్యేది. నింద ఉంటే ఎదురు నింద వేయవచ్చు. ఈ పిల్ల అధికారం చేతికి రాగానే మొదట చేసింది, తాను చిన్నప్పుడు తిన్న తిండి ఇంకొకరికి పెట్టకుండా ఆపడం. అధికారం చేయి జారగానే యమున మొదట చేసింది, ఆవాలు వేయడం.

"ఇంటికి పోకు. జర కూసో," అని యమున లేచింది.

గదిలో రాజమౌళి హాస్టల్ వాళ్లకు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంటున్నాడు. సౌమ్య మూలకు కూర్చొని, చల్లారిన చాయ్‌ని చూస్తోంది. యమున గుమ్మంలో నిలబడలేదు. లోపలికి వచ్చి కుర్చీ లాక్కొని కూర్చుంది. పదకొండేళ్లలో ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. రాజమౌళి ముందు ఆ సంగతినే గమనించాడు.

"చెప్పినవా ఆమెకు?"

"లేదన్నా. మీకు చెప్పనీకి వచ్చిన. నిన్న బస్తాలు మారేటప్పుడు నేను చూసిన. కొత్త బియ్యమని నాకు తెలుసు. నోరు తెర్వలే."

రాజమౌళి కలం ఆగింది. ఎందుకని అడిగాడు.

"బోర్డు మీద నా పేరు లేదని."

సౌమ్య చాయ్ మీది నుంచి చూపు ఎత్తింది. యమున ఆమె వైపు కూడా ఒకసారి చూసి, మళ్లీ రాజమౌళి వైపు తిరిగింది. ఉప్పు పోయిందని కోపం ఉండెనని, ఇదంతా బోల్తా పడితే చూడాలని ఉండెనని, చూశానని, ముచ్చట తీరిందని, గొంతు పెంచకుండా కూరలో ఏమేం వేసిందో చెప్పినట్టు చెప్పింది.

"ఆమె తెల్వక చేసింది. నేను తెలిసి ఊకున్న. ఒకర్ని తియ్యాలంటే ఎవర్ని తియ్యాలె అన్నా?"

"నిన్నెట్ల తీస్త? రేపు వంటెవరు చేస్తరు?"

"గదే అంటాన్న. ఆమె లేకున్నా నడుస్తదని ఆమెను తీస్తాన్నరు. తప్పును చూసి కాదు."

రాజమౌళికి ఈ లెక్క నచ్చలేదు. అఫ్సానా ఉంటే మళ్లీ తప్పు చేయదని ఏం నమ్మకమని అడిగాడు. చేస్తుందని యమున ఒప్పుకుంది.

"నేనేం తక్కువ తప్పులు చేసిన అన్నా? పదకొండేళ్లల ఎన్నిసార్లు ఉప్పెక్కువైందో మీకెరుకనా? ఎరుక కాదు. ఏసేది నేనే, దిద్దేది నేనే, మంచిగున్నదని చెప్పేది నేనే. నా మీద ఎవలూ లేకుండిరి. ఆమె తప్పును హాస్టల్ పిల్లలంత చూసిన్రు, గంతే తేడా."

ఇది సౌమ్య చదివిన పుస్తకాల్లో లేనట్టుంది. ఆ పిల్ల చాయ్ గ్లాసు కింద పెట్టి, కలం వెతుక్కుంది.

యమున తన షరతులు చెప్పింది. అఫ్సానా పేరు బియ్యం ఎదురుగానే ఉండాలి. బియ్యం చూడటం తాను నేర్పుతుంది, నేర్పమని ఎవరూ చెప్పక ముందే నేర్పాల్సింది. గుండిగ ఎక్కించే ముందు వండినవాళ్లు మూత తీసి చూపించాలి, ఎక్కించేవాళ్లు చూడాలి. ఎవరి పనైనా సరే, తప్పు కళ్లబడి ఊరుకుంటే, ఊరుకున్నవాళ్లది కూడా తప్పే. జీతం గురించి బక్కమ్మ అడిగిన ప్రశ్నకు కూడా ఒకరోజు జవాబు ఇవ్వాలి, గౌరవంతో ఇంట్లో గ్యాస్ సిలిండర్ నిండదు.

"ఇంతకూ ఇక్కడ యజమాని ఎవరు?" అన్నాడు రాజమౌళి.

"మీరే. గందుకే అడుగుతాన్న. మీరు కాదంటే రేపటి సంది నేను గూడ రాను."

అన్నాక ఆమెకు తన వయసు గుర్తొచ్చింది. నలభై ఆరేళ్ల ఆడదాన్ని ఎవరు పిలిచి పనిస్తారు? హనుమకొండలో పెద్ద క్యాటరింగ్ వాళ్లందరూ వంటకు మగవాళ్లనే పెట్టుకుంటారు, ఆడవాళ్లను చపాతీలకూ గిన్నెలకూ. మాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకు రాజమౌళి చాలా సేపే ఇచ్చాడు. తీసుకోలేదు.

అతను కిటికీలోంచి వరండా వైపు చూశాడు. అఫ్సానా కర్రలను మళ్లీ మొదటి నుంచి కడుగుతోంది.

"నెల రోజులు చూస్త," అన్నాడు చివరికి. "నెల లోపట ఇంకోటి అయితే ఇద్దరూ ఇంటికి పోవుడే."

"సరే," అంది యమున.

ఆ తరువాత నాలుగు రోజులు మధ్యాహ్నాలు వరండాలో బడి నడిచింది. రెండు మూకుళ్లలో రెండు రకాల బియ్యం. పంటి కింద పాత గింజ టక్కున విరుగుతుంది, కొత్తది కాస్త సాగి పళ్లకు అంటుతుంది. రంగు చూసి మోసపోవద్దు, వాసన చూసి భయపడవద్దు. ముక్కిన వాసన వేరు, నిలవ వాసన వేరు. అనుమానముంటే గుప్పెడు బియ్యం చిన్న గిన్నెలో వండి చూడు, డ్రైవరు ఎంత తొందర పెట్టినా. డ్రైవరు తొందర పెడితే తప్పకుండా చూడు. అఫ్సానా కళ్లు మూసుకొని గింజలు కొరికేది. మొదటి రోజు పదింట్లో నాలుగు తప్పు చెప్పింది, నాలుగో రోజు ఒకటి. యమునకు నేర్పడం ఇంత కష్టమని తెలియదు. తనకు తెలిసినదంతా మాటల్లో పెట్టబోతే, అందులో సగం తనకూ తెలియదని బయటపడుతోంది.

అయిదో రోజు మిల్లు బండి వచ్చింది, అదే డ్రైవరు. చిరునవ్వుతో దిగి, పది బస్తాలూ పాతవేనని, చూడనక్కర్లేదని, హనుమకొండలో ఇంకో రెండు చోట్లకు పోవాలని చెప్పాడు. అఫ్సానా చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టించింది. ఒక్కో బస్తా కుట్టు విప్పించి, గింజలు నోట్లో వేసుకొని, కొరికి, ఉమ్మి, పక్కకు జరిగింది. బక్కమ్మ కత్తిపీట ఆపేసి చూస్తోంది. మహిపాల్ ఆటోలోంచి దిగాడు. రాజమౌళి గది తలుపు దగ్గర ఉన్నాడు, పనేమీ లేనట్టు.

ఎనిమిది బస్తాలు దింపించింది. రెండింటిని అలాగే బండిలో ఉంచమని, అందులో అనుమానమున్న దాని నుంచి గుప్పెడు ఆ గిన్నెలో వేయించింది. డ్రైవరు ఈసారి చేతులూపుతూ వాదన మొదలుపెట్టాడు. అదే మిల్లు, అదే గోదాము, అదే రోజు ఎత్తిన సరుకు అన్నాడు. రోజంతా చపాతీలు ఒత్తే మనిషికి బియ్యం సంగతి ఏం తెలుసన్నాడు.

యమున పొయ్యి తగ్గించి వచ్చింది. ఆ రెండు బస్తాల్లోంచీ గింజలు తీసి కొరికింది. ఒకటి కొత్తదే, సందేహం లేదు. రెండోది ఆమె లెక్కలో పాతదే. ఈసారి చూసి ఊరుకోలేదు.

"ఇది మంచిదే అనిపిస్తాంది నాకు."

అఫ్సానా మళ్లీ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. అందరూ ఆ నోటినే చూస్తున్నారు. ఆమె ముఖం ఎర్రబడింది, అయినా తొందరపడకుండా నమిలింది. పొయ్యి మీది గిన్నె దగ్గరికి పోయి, మూత తీసి, రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి వచ్చింది.

"నాకు అంటుకుంటాంది అక్కా. వాపస్."

డ్రైవరు యమున వైపు తిరిగాడు, పెద్దదిక్కు ఆమే గనుక తీర్పు మార్చమన్నట్టు. గది తలుపు దగ్గర రాజమౌళి కూడా ఆమెనే చూస్తున్నాడు. ఆమె నాలుక మీద ఆ గింజ ఇంకా పాతదిగానే ఉంది.

"ఇన్నవు గద," అంది యమున డ్రైవరుతో. "బండి కట్టుకో."